తీసుకునేవాడు లేని బాకీ

వసూళ్లకు వచ్చిన కుర్రాడు బూట్లు విప్పలేదు. పని పూర్తయి, గుమ్మం పక్కన బండి కోసం ఎదురుచూస్తున్న సోఫా మీద వెనక్కి వాలి కూర్చుని, ఒక కాలు తీసుకెళ్లి దాని చేతి మీద చాపాడు. లేత గోధుమరంగు గుడ్డ. ఎవరో డాక్టరుగారి ముందుగదిలోకి వెళ్లాల్సిన సోఫా. దారిన పోయేవాళ్లకు కూడా వినపడాలన్నట్టు గొంతు పెంచి మాట్లాడాడు.

"సోఫాలకేం తక్కువ లేదిక్కడ. వాయిదా దగ్గరికొచ్చేసరికి చేతులు రావట్లేదు. మీ ఆయన్ని పిలువు, ఒకసారి మొహం చూసిపోతాను."

"ఆయన లేవలేరు బాబూ. నడుముకి ఆపరేషనైంది. ఏదైనా నాతో చెప్పు."

"నీతో చెప్తే ప్రతి నెలా ఇదే పాట. సంతకం పెట్టేటప్పుడు నడుము బాగానే వంగిందిగా."

పక్కనున్న అద్దాల దుకాణంలో బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్లు బేరం ఆపి ఇటు చూశారు. ఆమె చేతిలో మేకుల డబ్బా పట్టుకుని నిలబడే ఉంది. తన షెడ్డులో, తను కుట్టిన సోఫా ముందు, కూర్చోమనేవాడు లేక నిలబడింది. వాడికి విసుగు పుట్టాక లేచి వెళ్లాడు. వాడు కాలు తీసిన చోట నల్లటి పాలిష్ మరక.

సబ్బు పెట్టి రుద్దితే మరక ఇంకా పాకింది. కిరోసిన్ గుడ్డతో అద్దితే అంచులు పసుపెక్కాయి. చేసేది లేక ఆ చేతికి కొట్టిన పిన్నులన్నీ ఊడబీకి, సొంత డబ్బుతో మళ్లీ గుడ్డ తెచ్చి, కొత్తగా తొడిగింది. డాక్టరుగారింటికి ఫోన్ చేసి "గుడ్డలో చిన్న లోపం కనపడిందండీ, అందుకే ఆలస్యం" అని చెప్పింది. వెనకగదిలో పడుకున్న భర్త అంతా విన్నాడు. సాయంత్రం ఇద్దరూ ఎవరి అన్నం వాళ్లు తిన్నారు.

అప్పు తీసుకున్న మనిషిని నలుగురిలో నిలబెట్టి పరువు తీసే హక్కు ఎవరికీ లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా, ఆ మాట పట్టుకుని ఏ గడప ఎక్కాలో తెలియదు. మింగి ఊరుకుంది.

వీధిలో ఆమెను సోఫాలక్క అంటారు. తనకన్నా పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు. పెళ్లయిన కొత్తలో భర్త దగ్గరే పని నేర్చుకుంది. చట్రం, స్ప్రింగులు, పట్టీలు ఆయన పని. స్పాంజి కోయడం, గుడ్డ కత్తిరించడం, కుట్టడం ఆమె పని. పాత సోఫా విప్పితే లోపల ఏవేవో దొరుకుతాయి. జడపిన్నులు, పెన్నుమూతలు, చిల్లర, ఒకసారి చెవికమ్మ. ఆమె ప్రతిదీ కవర్లో పెట్టి సోఫాతోపాటే పంపేది.

"దువ్వెన కూడా పంపాలా? పళ్లు సగం లేవు," అని భర్త ఎగతాళి చేసేవాడు.

"మనది కాదుగా," అనేది.

షెడ్డు అద్దెది. దాని వెనకున్న ఒంటి గదిలోనే కాపురం. ఆ షెడ్డుకు రెండు గొప్ప గుణాలున్నాయి. తలుపు వెడల్పు, ఎంత పెద్ద సోఫా అయినా పక్కకు వంచకుండా లోపలికి వస్తుంది. ఇక మెట్లు లేవు. మొదటిది వ్యాపారానికి, రెండోది భర్తకు.

ఆపరేషన్ డబ్బు ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ ఇద్దరి సంతకాల మీద ఇచ్చింది. మొదట్లో వాయిదాలు సరిగ్గానే కట్టారు. ఆపరేషన్ తర్వాత ఆయన చట్రాలు ఎత్తగలుగుతాడని డాక్టర్లు అన్నారు, ఇద్దరూ నమ్మారు. ఎత్తలేకపోయాడు. కర్ర పట్టుకుని షెడ్డు చివరిదాకా నడవడం, స్టూలు మీద కూర్చుని పట్టీలు లాగి బిగించడం, అంతవరకే వచ్చింది. రెండు చేతుల సంపాదన పోయింది, వాయిదా మాత్రం అంతే ఉంది. ఒకటి తప్పితే దాని మీద జరిమానా, జరిమానా మీద వడ్డీ. పైగా మనిషిని పంపినందుకు చార్జీ. అంటే సోఫా మీద బూటుకాలు పెట్టి తిట్టిపోయినందుకు కూడా ఆమె లెక్కలోనే డబ్బు రాసుకున్నారు.

ఏడాది తిరిగాక వేరే మనిషి వచ్చాడు. నడివయసువాడు, హెల్మెట్ చంకలో పెట్టుకుని గుమ్మం బయటే నిలబడి "లోపలికి రావచ్చా అక్కా" అని అడిగాడు. ఆ ఒక్క మాటకే ఆమెకు సగం భయం పోయింది.

"నీ మంచికే చెప్తున్నానక్కా. ఒకేసారి కట్టేస్తే కంపెనీ బాగా తగ్గిస్తుంది. ఈ నెల దాటితే నా చేతిలో ఉండదు."

ఎంత తగ్గిస్తారంటే ఒక అంకె చెప్పాడు. ఆమె నవ్వి, అందులో మళ్లీ సగం చెప్పింది. అతను తల కొట్టుకున్నాడు, ఫోన్ తీసుకుని బయటికి వెళ్లాడు, వచ్చాడు. ఆమె టీ ఇచ్చింది, ఇంకాస్త దిగమంది. స్టూలు మీదనుంచి భర్త "ఆవిడతో నువ్వు గెలవలేవులే తమ్ముడూ, గుడ్డల మార్కెట్టువాళ్లే చేతులెత్తేశారు," అన్నాడు. చివరికి ఒక దగ్గర తెగింది.

ఆమె గుడ్డ కొనే మార్కెట్లో ఒక పద్ధతుంది. బేరం ఎంతసేపైనా ఆడొచ్చు. విసుక్కోవచ్చు, లేచిపోయి మళ్లీ రావొచ్చు. కొట్టువాడు కత్తెర తీసి గుడ్డ అంచున చిన్న గాటు పెట్టాడంటే మాత్రం అక్కడితో సరి. ఆ తర్వాత అమ్మినవాడు ఇంకో పైసా అడగడు, కొన్నవాడు ఇంకో పైసా తగ్గించమనడు. తగ్గించినదాన్ని బాకీగా ఎవరూ గుర్తుపెట్టుకోరు. గాటు పడ్డాక కాగితం అడిగితే ఎదుటివాడిని దొంగ అన్నట్టే.

తోలు కుట్టే పెద్ద మిషను అమ్మి, ఆ డబ్బు కట్టి, అతను చూపించిన చోట సంతకం పెట్టాక ఆమె అడిగింది.

"ఇక గాటు పడ్డట్టేనా?"

అతనికి ఆ పద్ధతి తెలియకపోయినా, అడిగిన తీరు అర్థమైంది. "పడ్డట్టే అక్కా. ఇక నీ గడప తొక్కేవాడుండడు."

అందులో అబద్ధం లేదు. మళ్లీ ఎవరూ గడప తొక్కలేదు. ఖాతా మూసేశామని ఉత్తరం ఇమ్మని ఆమె అడగలేదు. అడగడం మర్యాద కాదనుకుంది. ఆ పూట భర్త అద్దాల దుకాణం బాబాయ్‌ని పిలిచి మరీ భార్య బేరం కథ చెప్పాడు. బాబాయ్ ఈ వీధిలో అందరికన్నా పాతకాపు, ఎవరి సంతోషాన్నీ పూర్తిగా నమ్మని మనిషి. "అప్పిచ్చినవాడు నవ్వుతూ తగ్గించాడంటే నాకెందుకో పళ్లు జివ్వుమంటున్నాయమ్మా," అన్నాడు. భార్యాభర్తలిద్దరూ మనసారా నవ్వుకున్నారు.

మూడేళ్లు ప్రశాంతంగా గడిచాయి. తోలు పని పోయినా గుడ్డ పనితోనే నెట్టుకొచ్చారు. కొంత వెనకేశారు కూడా. అప్పుడు షెడ్డు యజమాని వచ్చాడు. పెద్దాయన, ఒంటరివాడు. అమ్మేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతానన్నాడు.

"బయటివాళ్లు అడుగుతున్నారమ్మా, గోడౌనుకి కావాలట. అద్దె ఒక్క నెల ఆలస్యం చేయలేదు నువ్వు. అందుకే ముందు నీకు చెప్తున్నా. వానలు తగ్గేదాకా ఆగుతాను."

"కొంత ఇప్పుడిచ్చి, మిగతాది నెలనెలా ఇస్తే?"

"అక్కడ చెల్లెలి ఇంటి మీద గది వేసుకోవాలి తల్లీ. నాకు మొత్తం ఒక్కసారే కావాలి."

దాచుకున్నది పోగా మిగతాది బ్యాంకు ఇవ్వాలి. నెలవాయిదా ఇప్పుడు కడుతున్న అద్దెకన్నా కాస్తే ఎక్కువ. ఆ రాత్రి భర్త కర్రతో నేలమీద గీసి, ఏ గోడ తీసేసి ఎక్కడ కిటికీ పెట్టాలో చూపించాడు.

బ్యాంకులో అప్పుల సీటులో ఉన్నది చిన్నమ్మాయి. జలుబు చేసి ముక్కు తుడుచుకుంటూ కూర్చుంది. కాగితాలన్నీ చూసి బాగున్నాయంది. తర్వాత కంప్యూటరులో ఏదో కొట్టి, మళ్లీ కొట్టి చూసింది.

"మీరు ఎక్కడైనా అప్పు ఎగ్గొట్టారా అండీ?"

"అయ్యో, లేదమ్మా. ఒకటుండేది. మాట్లాడుకుని ఒకేసారి కట్టేశాను."

ఆ అమ్మాయి తెర ఇటు తిప్పింది. "అదే సమస్య. మాట్లాడుకుని కట్టారు, పూర్తిగా కట్టలేదు. ఇక్కడ 'సెటిల్డ్' అని ఉంది చూశారా? 'క్లోజ్డ్' అని ఉండాలి. ఇలా ఉంటే బాకీ కొంత వదిలించుకున్నారని అర్థం."

"తగ్గించింది వాళ్లే కదమ్మా. నేనేం పారిపోలేదు."

"తెలుసండీ. వాళ్లు తగ్గిస్తారు. మా సిస్టం తగ్గించదు. పై ఆఫీసుకి పంపినా ఆ లైను చూసి తిప్పికొడతారు."

"అదెన్నాళ్లుంటుంది?"

"ఏళ్లు." ఆమె మొహం చూసి ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "ఒక పని చేయండి ఆంటీ. వాళ్లు తగ్గించినంతా ఇప్పుడు కట్టేయండి. బాకీ ఏమీ లేదని ఉత్తరం తీసుకుని, ఆ లైను మార్పించండి. మీ కాగితాలు నా దగ్గరే పెట్టుకుంటాను."

తగ్గించిన దాంట్లో అసలు కింద రావాల్సింది ఒక్క పైసా లేదు. అసలూ వడ్డీ ఎప్పుడో చేరాయి. వాళ్లు వదిలేశామని చెప్పుకుంటున్నదంతా జరిమానాలు, రాకపోకల చార్జీలు. అయినా ఆమె వాదించలేదు. కట్టేద్దామనుకుంది. వచ్చే సోఫాలకు ముందుగా అడ్వాన్సులు తీసుకుని, చాలనిది బాబాయ్ దగ్గర బదులు పుచ్చుకుంది.

"కట్టక్కర్లేని డబ్బు కట్టడానికి బదులా?" అన్నాడు బాబాయ్, లెక్కపెట్టి ఇస్తూనే. "ఇలాంటి వింత చూడ్డానికే బతికున్నట్టున్నాను."

ఫైనాన్సు కంపెనీ ఆఫీసున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఫోన్ నంబరు మాత్రం పనిచేస్తోంది. పాట ఒకటి చాలాసేపు వినిపించాక ఒక గొంతు పలికింది.

"ఆ పాత అకౌంట్లు మా దగ్గర లేవు మేడం. వేరే కంపెనీకి అమ్మేశాం."

"అప్పు అమ్మేశారా? తీరిపోయిన అప్పు కూడానా?"

"మొత్తం కట్టగా వెళ్లిపోయాయి మేడం. వాళ్లనే అడగండి."

ఆ వేరే కంపెనీ నగరం అవతలి చివర, ఎత్తయిన భవనంలో ఉంది. రెండు బస్సులు మారి, డబ్బు లోపలి సంచిలో పెట్టుకుని వెళ్లింది. మెడలో కార్డు వేసుకున్న ఒకతను బయటికి వచ్చి, నిలబడే ఆమె వివరాలు ఫోన్లో చూశాడు.

"మీ పేరు మీద సున్నా చూపిస్తోందమ్మా. మీరు కట్టాల్సిందేం లేదు."

"ఉంది బాబూ. తగ్గించినదంతా కట్టడానికి వచ్చాను. తెచ్చాను కూడా."

"సున్నా మీద డబ్బు ఎలా తీసుకుంటాం?"

"పోనీ, సున్నా అని రాసివ్వండి. బ్యాంకులో చూపించుకుంటాను."

"ఏదైనా బాకీ ఉంటే, అది కడితే అప్పుడు లెటర్ వస్తుందమ్మా. సున్నా ఉన్నవాళ్లకి రాదు."

"మరి ఆ లైను ఎవరు మారుస్తారు?"

"రాసినవాళ్లు."

"వాళ్లు మీకమ్మేశామంటున్నారు."

"లైను మేం రాయలేదు కదమ్మా." అతను నిజంగానే జాలిగా చూశాడు. "పీడ వదిలిందనుకుని హాయిగా ఉండండి."

ఆమె డబ్బుతో తిరిగొచ్చింది. అప్పు ఎగ్గొట్టినవాళ్ల కథలు చాలా విన్నాం. అప్పు కడతాను తీసుకోండి మహాప్రభో అని సంచి పట్టుకుని తిరిగినా తీసుకునేవాడు లేని మనిషిని ఈ లెక్కలు ఏమని పిలుస్తాయో తెలియదు. అవి ఆమెనూ ఎగవేతదారు అనే పిలిచాయి.

అందరి అప్పుల చరిత్రనూ దాచిపెట్టే సంస్థ ఒకటుంటుంది, అక్కడ ఫిర్యాదు చేయొచ్చని బ్యాంకు అమ్మాయి చెప్పింది. వీధి చివర ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని ఫిర్యాదు పెట్టించింది. వారాలు ఆగాక జవాబు వచ్చింది. సమాచారం ఇచ్చిన కంపెనీని అడిగామని, వివరాలు సరైనవేనని వారు ధ్రువీకరించారని, మార్పు అవసరం లేదని. ఆ అకౌంటు మా దగ్గర లేదన్న కంపెనీ, దాని గురించి ధ్రువీకరించడానికి మాత్రం ఉంది. మళ్లీ పెట్టించింది. జవాబులో తారీఖు తప్ప ఏమీ మారలేదు.

హెల్మెట్ మనిషిని కూడా వెతికి పట్టుకుంది. ఇప్పుడు ఇళ్లకు పార్సిళ్లు చేరవేస్తున్నాడు. బండి ఆపి, గుర్తుపట్టి, తల దించుకున్నాడు.

"నువ్వు గాటు పడిందన్నావు తమ్ముడూ."

"నెలకి ఇంతమందిని సెటిల్ చేయించాలని లెక్కుండేదక్కా. ఫైలులో ఏం పడుతుందో మాకు చెప్పేవాళ్లు కాదు. తర్వాత నా బండి అప్పు కూడా అలాగే సెటిల్ చేసుకున్నా. ఇప్పుడు నాకూ ఎక్కడా అప్పు పుట్టట్లేదు." బండికి తగిలించిన సీసా తీసి, "మంచినీళ్లు తాగుతావా అక్కా" అని ఇచ్చాడు. ఆమె తాగింది. తిట్టాలని వెళ్లింది, తిట్లు రాలేదు.

వానలు తగ్గాయి. యజమాని ఇంకో నెల ఆగాడు. తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చి, అమ్మకానికి ఉంచిన పాత కుర్చీలో కూర్చుని, చాలాసేపు చేతికర్ర పిడి తుడిచాడు.

"నీ మాట మీద నాకు నమ్మకమేనమ్మా. కానీ నమ్మకం తీసుకెళ్లి ఇస్తే చెల్లెలి ఇంటి మేస్త్రీ గోడ కట్టడు కదా."

"మీ తప్పేం లేదండీ," అంది. తప్పు ఎవరిదో ఆమెకూ తేలలేదు.

గోడౌను వాళ్లు వెంటనే ఖాళీ చేయమన్నారు. తీసుకున్న అడ్వాన్సులు ఎవరివి వాళ్లకిచ్చేసింది, బాబాయ్ బదులు తీర్చేసింది. దాచుకున్నదాంతో వేరే చోట వెతికితే వెడల్పు తలుపున్న గది సులువుగా దొరకలేదు. దొరికినవాటి అద్దె వింటేనే నోరు ఎండిపోయింది. చివరికి మూడో అంతస్తులో రెండు గదులు కుదిరాయి. భర్తను కుర్చీలో కూర్చోబెట్టి బాబాయ్, ఇద్దరు హమాలీలు మెట్లెక్కించారు. ప్రతి మలుపు దగ్గరా ఆగారు.

"ఇంత వైభోగం పెళ్లిలో కూడా జరగలేదు," అన్నాడాయన. ఎవరూ నవ్వలేదు. అప్పట్నుంచి ఆయన కిందికి దిగలేదు. కిటికీ పక్కన కూర్చుంటాడు. చేతులకు పని లేదు. పైకి సోఫాలు రావు.

సోఫాలక్క ఊరి బయట ఒక సోఫాల ఫ్యాక్టరీలో చేరింది. ముక్కకింత అని ఇస్తారు. రోజంతా ఒకే ఆకారం గుడ్డ కుడుతుంది, పూర్తయిన సోఫా కంటపడదు. దాచుకున్నది బస్సు చార్జీలకూ మందులకూ కరుగుతోంది. కొత్త వీధిలో ఆమెను ఎవరూ సోఫాలక్క అనరు.

ఆ లైను ఇంకా అక్కడే ఉంది.

ఇది చదివి "పాపం" అనుకుని పక్కన పెట్టేయకండి. ఆమెకు జాలితో పనిలేదు, జాలిపడ్డవాళ్లు ఆమెకు ఇప్పటికే చాలామంది దొరికారు. అప్పు తగ్గిస్తామని మీ గుమ్మానికీ, మీ పక్కింటి గుమ్మానికీ ఎవరో ఒకరు హెల్మెట్ పట్టుకుని వస్తారు. ఆ పూట మీరు అక్కడ కూర్చోండి. ఫైలులో ఏమని రాస్తారో సంతకానికి ముందే కాగితం మీద రాయించుకోండి. అలా అడగడంలో మర్యాద తక్కువేమీ లేదు. ఇప్పటికే సెటిల్ చేసుకున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే, అవసరం పడకముందే వాళ్ల అప్పుల చరిత్ర తెప్పించి చూడండి. మీరు ఆ తెరకు అవతలివైపు ఉద్యోగం చేస్తున్నవారైతే, మీ చేతిలో ఉన్నంతవరకు ఒక ఉత్తరం రాసివ్వండి, జాలిగా చూడటంకన్నా అది మేలు.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. ఒక మనిషి మీద లైను రాసినవాడు, అప్పును ఎవరికి అమ్ముకున్నా సరే, ఆ లైనుకు జవాబుదారీగా ఉండాలి. బాకీ కడతానని వచ్చినవాళ్ల దగ్గర తీసుకుని, రాసిచ్చి, దిద్దే చోటు ఒకటి తప్పనిసరిగా ఉండాలి. తిట్టిపోయినందుకు వేసిన చార్జీలను ఎగ్గొట్టిన అప్పుగా లెక్కించకూడదు. ఈ మాటలే రాసి, ఫైనాన్సు కంపెనీల మీద పెత్తనం ఉన్న అధికారులకు ఆమె మూడో ఫిర్యాదు పంపుతోంది. ఫిర్యాదుల వెంట తిరిగితే ఫ్యాక్టరీలో పని పోతుందని ఆమె భయపడింది, భర్తే కిటికీ పక్కన కూర్చుని చెప్పి రాయించాడు. మారుతుందన్న ఆశ ఇద్దరికీ లేదు. ఒక్క ఫిర్యాదును పక్కకు నెట్టేయడం ఎవరికైనా తేలికే. మీదీ రాసి పంపండి.